తప్పులు నిలవని కంచం

నా చిన్నప్పుడు, పదేళ్ళ వయసులో, విజయవాడ పటమటలో ఒక మేడ గదిలో ఉండి చదువుకున్నాను. ఆ గది తలుపుకు గడియ బయటి వైపున ఉండేది. ఇన్నేళ్ళ తరవాత ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా నాకు కోపం వస్తోంది. పిల్లలు చదువుకునే గదికి లోపల గడియ లేకపోతే పోనీ, బయట ఎందుకు ఉండాలి? అప్పుడు ఆ ప్రశ్న అడిగే ధైర్యం నాకు లేదు. ఇప్పుడు అడుగుదామంటే జవాబు చెప్పవలసిన మనిషి లేరు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

నేను అన్నీ రాసిపెట్టుకునే మనిషిని. ఏ పిల్లకు ఏ టీకా ఎప్పుడు వేయించామో, నీళ్ళ మోటారు ఎప్పుడు చెడిందో, ఎవరు బాగుచేశారో, ఏ సంవత్సరం ఆవకాయలో ఉప్పు ఎక్కువైందో, అన్నీ తేదీలతో సహా నా దగ్గర ఉంటాయి. ఇంట్లో పిల్లలు నన్ను ఎదురుగా పెద్దమ్మా అని పిలుస్తారు, వెనక రిజిస్టరు అంటారు. అది కూడా రాసిపెట్టుకున్నాను. ఇటువంటి నేను ఒక్క సంగతి మాత్రం ఎక్కడా రాయను. ఎందుకు రాయనో చెప్పాలంటే ఆ మేడ గదిలోకి మళ్ళీ వెళ్ళక తప్పదు.

మాది చల్లపల్లికి దగ్గర్లో ఒక పల్లె. నాన్న వరి సాగు చేసేవారు. తొంభైల మొదట్లో మా వైపు ఊళ్ళన్నిటికీ ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియం మీద గురి కుదిరింది. అయిదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్లల్ని తెచ్చి విజయవాడలో దింపి, ఇంగ్లీషు బళ్ళలో చేర్పించేవారు. వాళ్ళను ఇంట్లో పెట్టుకుని, తిండి పెట్టి, పొద్దునా సాయంత్రమూ పాఠం చెప్పే మాస్టర్లు అప్పట్లో పేటకొకరు ఉండేవారు. నన్ను అప్పగించిన మాస్టారు వారిలో ఒకరు. నాలాగే పల్లెల నుంచి వచ్చిన మరికొందరు ఆడపిల్లలు ఆ గదిలో నాతో ఉండేవారు.

న్యాయంగా చెప్పాలంటే మాస్టారు చెడ్డవారు కారు. ఏనాడూ మా మీద చెయ్యి ఎత్తలేదు, అన్నం దగ్గర లోటు చేయలేదు. కానీ ఆయనకు ఒక నియమం ఉండేది. శనివారం మధ్యాహ్నం ఇంగ్లీషు డిక్టేషన్ చెప్పేవారు. పెద్ద ఏబీసీడీలు ఎక్కడ రాయాలో, చిన్న ఏబీసీడీలు ఎక్కడ రాయాలో తప్పు లేకుండా రాసిన పిల్ల ఆ సాయంత్రం బస్సెక్కి ఇంటికి వెళ్ళవచ్చు. తప్పు రాసిన పిల్ల ఆదివారం కూడా ఆ గదిలోనే ఉండాలి. తలుపు మూసి, గడియ వేసి, ఆయన కిందికి దిగిపోయేవారు. ఆ గడియ పడిన చప్పుడు తరవాత ఇంకే చప్పుడూ ఉండేది కాదు. నా చెవులకు అంత పెద్ద నిశ్శబ్దం మళ్ళీ ఎప్పుడూ తగలలేదు.

గోడకు ఒక చార్టు వేలాడేది. మా పేర్లు నిలువుగా, వారాలు అడ్డంగా. ఒక్కొక్క తప్పుకు ఒక్కొక్క ఎర్ర చుక్క. చుక్క పెట్టడమే ఉంది, చెరపడం లేదు. చేరిన మొదటి వారం తప్పులు కూడా ఆ చార్టులో అలాగే ఉండేవి. నా పేరు ఎదురుగా ఉన్న గడులు ఆటలమ్మ పోసిన ఒంటిలా ఉండేవి. భోజనం చేస్తున్నా కనపడేవి, పక్క వేసుకుంటున్నా కనపడేవి. కొత్త పిల్లలు వచ్చినప్పుడు వాళ్ళ అమ్మానాన్నలు ఆ చార్టు చూసి, నా పేరు దగ్గర ఆగి, ఈ పిల్ల ఎవరా అని గది నాలుగు మూలలా చూసేవారు. నేను ట్రంకు పెట్టె వెనక్కి జరిగేదాన్ని.

తెలుగులో ఏ అక్షరానికీ పెద్దరికం లేదు. వాక్యం మొదట్లో ఉన్న 'క'కూ చివర్లో ఉన్న 'క'కూ ఒకటే కొలత. అందుకని ఈ పెద్దా చిన్నా తేడా ఏమిటో నాకు ఎవరూ చెప్పకపోయినా నేనే ఒక అర్థం చెప్పుకున్నాను. పెద్దవాళ్ళకు పెద్ద అక్షరం, చిన్నవాళ్ళకు చిన్న అక్షరం. మాస్టారు నియమాలను ఇంగ్లీషులోనే చెప్పి వల్లె వేయించేవారు. వాటిని అప్పజెప్పడంలో గదిలో నాకంటే ముందు ఎవరూ ఉండేవారు కాదు. అవి నోటికి వచ్చాయి గాని వాటికీ చేతికీ దారి దొరకలేదు. ఒక వారం విసిగి, ఎందుకొచ్చిన గొడవని మొత్తం డిక్టేషన్ పెద్ద ఏబీసీడీలలోనే రాసిచ్చాను. ఆ వారం చుక్కలు పట్టక మాస్టారు ఆ గడి మొత్తం ఎర్రగా నింపేశారు.

అలా శనివారాలు ఒకదాని వెంట ఒకటి వెళ్ళిపోతుండగా ఇంట్లో అమ్మ ప్రసవించింది. ఆడపిల్ల. చెల్లెల్ని నేను చూడలేదు. బారసాల ఆదివారం పెట్టుకున్నారు. సామాను కొనడానికి విజయవాడ వచ్చిన నాన్న ఆ వారం మధ్యలో ఒక సాయంత్రం మాస్టారింటికి వచ్చారు. సాయంత్రం చదువు వేళ కూడా గడియ వేసే ఉండేది; మాస్టారు అది తీసి నన్ను మెట్ల దాకా పిలిచారు.

మా నాన్న కాలవ నీళ్ళ దగ్గర అన్యాయం జరిగితే ఇంజనీరు ఆఫీసు మెట్ల మీదే నిలబడి గట్టిగా అడిగిన మనిషి. ఆ మనిషి ఆ రోజు చెప్పులు కింద విప్పి వచ్చి, మాస్టారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"చంటిదాని బారసాలండి, ఆదివారం. పెద్దపిల్ల లేకపోతే వాళ్ళమ్మ ఊరుకోదు. ఈ ఒక్క వారానికి..."

"శనివారం డిక్టేషన్ ఉందిగా. తప్పుల్లేకుండా రాస్తే తీసుకెళ్ళండి, నేనేమన్నా వద్దంటానా?" అన్నారు మాస్టారు, మెత్తగానే. "ఒకళ్ళకి సడలిస్తే రేపు అందరూ వచ్చి ఇట్టాగే నిలబడతారండి."

"మీరెట్టా అంటే అట్టానేనండి."

నాన్న నా వైపు తిరిగారు. "రాస్తావుగా అమ్మా? బియ్యంలో పేరు నీ చేతే రాయిద్దామని అనుకున్నా. ఉంగరం నువ్వు పట్టుకో, నీ చెయ్యి నేను పట్టుకుంటా."

మా వైపు బారసాలలో పళ్ళెం నిండా బియ్యం పోసి, బంగారు ఉంగరంతో తండ్రి బిడ్డ పేరు రాస్తాడు. ఆ పేరు అప్పటిదాకా బయటికి చెప్పరు. ఆ మొదటి రాతలో నాకు చోటు ఇస్తానని నాన్న అంటున్నారు. నేను తల ఊపాను. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయారు. గడియ పడింది. నాన్న చేతులు కట్టుకున్న తీరు నా కళ్ళ ముందు నుంచి పోలేదు. ఆయనను అలా నిలబెట్టినవి నా గడులలోని చుక్కలే అనిపించింది.

ఆ గదికి ఒకే ఒక కిటికీ. దానికి నిలువు ఊచలు. ఊచల అవతల, చెయ్యి చాపితే అందే దూరంలో, పక్కింటి మేడ పిట్టగోడ. ఆ ఇంట్లో ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఇంటాయనకు వన్ టౌన్‌లో గుడ్డల కొట్టు. వాళ్ళమ్మాయి టీచరు ట్రైనింగు చదువుతుండేది. మేమందరం ఆమెను పక్కింటి అక్క అనేవాళ్ళం. సాయంత్రాలు మేడ మీదికి వచ్చి, పిట్టగోడకు ఆనుకుని కూర్చుని, చేటలో బియ్యం ఏరేది. ఆ సాయంత్రం కూడా అక్కడే ఉంది. మాటలన్నీ వినపడే ఉంటాయి.

"ఏంటమ్మాయ్, ఊచలు కళ్ళనీళ్ళతో కడుగుతున్నావా? తుప్పు పడతాయి," అంది.

నేను మొహం తుడుచుకున్నాను. పోయిన వారం డిక్టేషన్ కాగితం ఇమ్మంది. మడతపెట్టి ఊచల్లోంచి ఇచ్చాను. చదువుతూ చదువుతూ ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నా తప్పులు చూసి ఒక మనిషి నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు నాకు నొప్పి కలిగించలేదు. ఎందుకో ఇప్పటికీ సరిగా చెప్పలేను.

"ఫాదర్‌కి పెద్దది. మదర్‌కి పెద్దది. సరే. ఆవుకి కూడా ఎందుకు పెట్టావ్?"

"ఆవుకి దణ్ణం పెడతాం కదక్కా."

"పుస్తకానికి?"

"కాలు తగిల్తే కళ్ళకద్దుకుంటాం కదా."

"మరి ఈ రాజు ఏం చేశాడు పాపం? పేరుకి చిన్నక్షరం వేశావ్."

"వాడు లేజీ బాయ్ అక్కా. డిక్టేషన్‌లో అదే చెప్పారు. పొద్దున లేవడంట."

ఆమె చేట కింద పెట్టి నవ్వింది. తరవాత కళ్ళు తుడుచుకుని, "నిన్ననడానికేం లేదు. నువ్వు మర్యాద ఇస్తున్నావ్. ఇంగ్లీషులో 'గారు' ఉండదమ్మాయ్. దానికోసం అక్షరాల్లో వెతక్కు. మా ఇంట్లో రాసే ఉర్దూలోనూ పెద్దా చిన్నా లేవు. నేనూ ఇట్టాగే తిట్లు తిన్నా," అంది.

అప్పుడు నన్ను ఒక వాక్యం రాయమంది. పెన్సిలు పట్టుకున్నాను. వాక్యం మొదటి అక్షరం దాటాక చెయ్యి ఆగిపోయింది. ప్రతి మాట దగ్గరా ఒక ఎర్ర చుక్క ముందే నా కోసం కాచుకుని ఉన్నట్టు అనిపించింది. రాసి, తుడిచి, మళ్ళీ రాసి, మళ్ళీ తుడిచేసరికి కాగితానికి చిల్లు పడింది. ఆమె పెన్సిలు పక్కన పెట్టి నా కంచం తెమ్మంది.

మేమందరం ఎవరి కంచం వాళ్ళం ఇంటి నుంచి తెచ్చుకున్నాం. నాది అంచు మీద నాన్న పేరు చెక్కించిన స్టీలు కంచం. ఆమె చేటలో ఏరిన బియ్యాన్ని ఒక పాత కాగితంలో పొట్లం చుట్టి, ఊచల మధ్య నుంచి వంచి ఆ కంచంలోకి ధారగా పోసింది. నాలుగు గింజలు కిటికీ గట్టు మీద పడ్డాయి.

"మీ ఇళ్ళల్లో పిల్లల్ని బళ్ళో వేసేటప్పుడు బియ్యంలోనేగా మొదట రాయిస్తారు. మా ట్రైనింగు బళ్ళో చూశాను. ఆ ఒక్క రోజే రాయించి, మర్నాటి నుంచి కంచం ఎందుకు తీసేస్తారో నాకు తెలీదు. రాయి. వేలితో."

వేలితో ఆవు గురించి రాశాను. అలవాటుగా ఆవుకు పెద్ద అక్షరమే పడింది. భయంతో తలెత్తాను.

"కంచం ఊపు," అంది.

ఊపాను. బియ్యం గలగలమంటూ సర్దుకుంది. అక్షరాలు లేవు.

"ఏదో తప్పు రాశానన్నట్టు మొహం పెట్టావ్. ఏదీ? నాకేం కనపళ్ళేదే."

నేను కంచంలోకి చూశాను. నిజంగానే అక్కడ ఏమీ లేదు. ఒక తప్పు జరిగి, ఎవరి దగ్గరా మిగలకుండా పోవడం నేను ఆ గదిలోకి వచ్చాక చూడలేదు. నా గోడ మీద ఉన్న చుక్కల్లో ఒక్కటి కూడా అలా పోలేదు. మళ్ళీ రాశాను. మళ్ళీ తప్పే. మళ్ళీ ఊపాను. కొంతసేపటికి నేను భయపడటం మరిచిపోయి, ఎందుకు తప్పవుతోందో ఆలోచించడం మొదలుపెట్టాను. భయం ఉన్నంతసేపూ ఆ ఆలోచనకు నా బుర్రలో చోటు లేకపోయిందని ఇప్పుడు తెలుస్తోంది.

మర్నాడు సాయంత్రం ఆమె మా చెల్లెలి పేరు అడిగింది. ఇంకా పెట్టలేదన్నాను.

"మరి ఏమని పిలుస్తారు?"

"పాప అని."

"మీ వీధిలో ఎంతమంది పాపలుంటారు?"

"ఇంటికొకళ్ళు."

"అంటే వీధిలో నిలబడి పాపా అని పిలిస్తే ఎవరు పలకాలో ఎవరికీ తెలీదు. అందుకని ఇప్పుడు దానికి చిన్నక్షరమే. ఆదివారం పేరు పెట్టగానే పెద్దక్షరం వస్తుంది. మంచిదైనా, రాజులా లేజీ అయినా, పేరంటూ పెట్టాక ఇచ్చి తీరాలి."

"మా క్లాసులో ముగ్గురు లక్ష్ములున్నారక్కా. పిలిస్తే ముగ్గురూ చూస్తారు."

"చూడనీ. ముగ్గురికీ ఎవరింట్లో వాళ్ళు బియ్యంలో రాసి పెట్టారుగా."

అది నాకు ఎక్కింది. బియ్యంలో రాసి పెట్టినదానికి పెద్ద అక్షరం. ఊళ్ళన్నిటా ఉండే అమ్మకు, నాన్నకు, ఆవుకు చిన్న అక్షరం. అమ్మకు చిన్న అక్షరం రాయడానికి మాత్రం మనసు వచ్చేది కాదు. నా వేలు అక్కడ కాసేపు ఆగేది. ఆమె తొందరపెట్టేది కాదు. శుక్రవారం చీకటి పడే దాకా రాశాను, ఊపాను. మిగిలిన పిల్లలు కూడా తమ కంచాలు తెచ్చుకుని చుట్టూ కూర్చున్నారు. ఆమె ఇంట్లో ఆ రోజు వంటకు బియ్యం ఎప్పటికి అందాయో నాకు తెలియదు.

శనివారం మధ్యాహ్నం డిక్టేషన్ అయింది. కాగితం మీద రాస్తున్నా, వేలి కింద బియ్యం ఉన్నట్టే అనుకుని రాశాను. కిందనుంచి నాన్న దగ్గు వినపడింది. ముందే వచ్చి కూర్చున్నారన్నమాట. మాస్టారు కాగితాలు దిద్దుతూ నాది తీసుకున్నారు. ఎర్ర కలం కాగితం మీద పైనుంచి కిందికి వెళ్ళింది, ఎక్కడా ఆగలేదు. మళ్ళీ పైకి వచ్చింది. ఆయన తలెత్తి నన్ను చూడలేదు, గోడ మీది చార్టును చూశారు. నా గడులన్నిటినీ ఒక చివర నుంచి రెండో చివర దాకా చూశారు. ఆ తరవాత అడిగారు.

"ఎవరిది చూసి రాశావు?"

గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆయన నిజంగానే నమ్మారు. ఇన్ని చుక్కలున్న పిల్ల ఒక్క వారంలో ఇలా రాయలేదని ఆ చార్టు ఆయనకు చెప్పింది, ఆయన విన్నారు. ఆయన చేతిలోని నా కాగితం కంటే గోడ మీది కాగితానికి విలువ ఎక్కువ. ఎంత సరిగా రాసినా ఈ గదిలోంచి నేను బయటపడే దారి లేదని అప్పుడు అర్థమైంది. గడియ అడ్డం కాదు. నా పాత తప్పులు అడ్డం. వాటిని ఆయన చెరపరు, నేను చెరపలేను.

"చూడలేదండీ," అన్నాను.

మిగిలిన పిల్లల్ని కిందికి పంపి తలుపు దగ్గరగా వేశారు. కొత్త కాగితం నా ముందు పెట్టి, తన ఎదురుగా మళ్ళీ రాయమన్నారు. పెన్సిలు తీసుకున్నాను. ఆయన కలం మూత తీసి నా పక్కనే పట్టుకుని కూర్చున్నారు. మా వైపు వెళ్ళే బస్సు వేళ దగ్గర పడుతోంది. ఒక్క అక్షరం పడటం లేదు. అప్పుడు నాకు ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, లేచి ట్రంకు పెట్టె వెనక మూత పెట్టి దాచిన కంచం తెచ్చి, ఆయన ముందు పెట్టాను.

"ఇందులో రాస్తానండీ."

"ఏంటిది? బియ్యమా? ఇదేమన్నా బారసాలా?"

కిటికీ అవతల నుంచి పక్కింటి అక్క గొంతు వినపడింది. "రాయనివ్వండి మాస్టారూ. కాగితమైనా కంచమైనా అక్షరాలు అవేగా."

ఆయన కిటికీ వైపు ఒకసారి చూశారు. ఏమనుకున్నారో, వెంటనే ఒక కొత్త వాక్యం ఇంగ్లీషులో చెప్పారు. ఒక రైతు గురించి. రాశాను. కంచం ఊపాను. కృష్ణా నది గురించి మరొకటి. రాశాను, ఊపాను. మూడోది ఒక కాలవ గురించి. కాలవ అనగానే నాకు కళ్ళ ముందు మా ఊరి కాలవే వచ్చింది, ఆ కాలవ నీళ్ళ కోసం ఆఫీసు మెట్ల మీద నిలబడ్డ నాన్న వచ్చారు. నా వేలు కాలవకు పెద్ద అక్షరం రాసేసింది.

మాస్టారి ఎర్ర కలం ముందుకు వచ్చింది. ఆ కలం నా కంచం మీదికి రావడం నేను చూస్తూనే ఉన్నాను. అది వచ్చే లోపల నా అరచెయ్యి బియ్యాన్ని సాపు చేసింది. నేను ఆలోచించి చేసిన పని కాదు, రెండు రోజుల అలవాటు. అక్కడే మళ్ళీ రాశాను, చిన్న అక్షరంతో. కలం గాలిలో ఆగిపోయింది. గుండ్రంగా చుట్టడానికి అక్కడ తప్పు లేదు.

"తప్పు రాశావు," అన్నారు.

"రాశానండీ. దిద్దుకున్నాను."

"మరి దాన్ని లెక్కలో వేయాలా, వద్దా?" ఆ ప్రశ్న ఆయన నన్ను అడిగినట్టు లేదు.

"ఏ తప్పు మాస్టారూ?" అంది కిటికీ అవతల నుంచి అక్క. "నాకేం కనపళ్ళేదే."

ఆయన కంచంలోకి చూశారు. తరవాత కలానికి మూత పెట్టారు. ఆ చిన్న చప్పుడు ఈ రోజుకీ నా చెవిలో ఉంది. "మీ నాన్నగారు కింద ఎండలో ఉన్నారు. వెళ్ళు," అన్నారు. నేను చూసి రాయలేదని ఆయన నమ్మారో, బియ్యంతో వాదించడం ఎందుకని వదిలేశారో నాకు తెలియదు. ఆ తరవాత ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

మెట్లు దిగుతూ కిటికీ వైపు చూద్దామంటే అక్కడి నుంచి పిట్టగోడ కనపడలేదు. నాన్న నా సంచీ భుజాన వేసుకుని, ఏమీ అడగకుండా, పెద్ద పెద్ద అడుగులు వేశారు. బస్సులో కూర్చున్నాక మాత్రం, "బాగా రాశావంటగా," అన్నారు. అప్పుడు ఏడ్చాను.

మర్నాడు పొద్దున మా ఇంటి వరండాలో పెద్ద పళ్ళెం నిండా బియ్యం పోసి పసుపు బొట్టు పెట్టారు. అమ్మ ఒళ్ళో చెల్లెలు నిద్రపోతోంది. ఉంగరం నా వేళ్ళ మధ్య, నా చెయ్యి నాన్న చేతిలో. నాగలి పట్టే ఆ చేతికి రాత అలవాటు తక్కువ. చుట్టూ చుట్టాలు, ముత్తయిదువల మాటలు, పిల్లల అరుపులు. మొదటి అక్షరం వచ్చింది, రెండోది వచ్చింది, మూడోదానికి ఒత్తు పోయింది. నాన్నకు తెలిసి ఆగిపోయారు. ఎర్ర కలం వస్తుందేమోనని నేను తలెత్తి చూశాను.

పురోహితుడు గారు మంత్రం ఆపకుండానే వంగి, అరచేత్తో బియ్యాన్ని సాపు చేశారు. "ఊఁ, మళ్ళీ రాయండి," అన్నారు. అంతే. ఎవరూ ఉలిక్కిపడలేదు. నాయనమ్మ ఎవరికో మంచినీళ్ళు ఇమ్మని చెబుతోంది. నాన్న ఒకసారి ఊపిరి తీసుకుని నా చేత మళ్ళీ రాయించారు. ఈసారి పేరు పూర్తిగా వచ్చింది. ఆయన చెల్లెలి చెవిలో ఆ పేరు చెప్పారు. మొదటిసారి తప్పు పోయిందని ఆ పేరుకు ఏ లోటూ రాలేదు. ఆ పేరు ఇక్కడ రాయను. తన అనుమతి లేకుండా రాస్తే మా చెల్లెలు ఊరుకోదు.

ఆ పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు నాకు ఒకటి తట్టింది. మా పెద్దవాళ్ళు మొదటి అక్షరాన్నీ మొదటి పేరునూ రాతి మీద చెక్కించలేదు, తాటాకు మీద గీయించలేదు. అరచెయ్యి ఆడిస్తే చెదిరిపోయే బియ్యంలో రాయించారు. కారణం ఎవరైనా ఏమైనా చెప్పనివ్వండి, నాకు తెలిసింది మాత్రం ఇది. కొత్తగా రాసే చెయ్యి తప్పుతుందని వాళ్ళు ముందే ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రమే నన్ను మళ్ళీ పటమటకు తెచ్చి దింపారు. ఆ సంవత్సరం అంతా గడియ బయటే ఉంది, చార్టు గోడకే ఉంది. నా పాత చుక్కల్లో ఒక్కటీ తగ్గలేదు. మాస్టారి మీద నా కోపం కూడా తగ్గలేదు, తగ్గించుకోవాలని నేను ప్రయత్నించనూ లేదు. పక్కింటి అక్కకు తరవాత మైలవరం వైపు బళ్ళో ఉద్యోగం వచ్చిందని విన్నాను. ఆ బళ్ళో పిల్లలు కంచాలు తెచ్చుకునేవారా అని చాలాసార్లు అనుకున్నాను.

ఈ రోజుల్లో గోడకు చార్టులు లేవు. పిల్ల ఎక్కడ తప్పు రాసిందో సాయంత్రానికల్లా వాళ్ళమ్మ ఫోనుకు వస్తోంది, కిందటి నెలదీ కిందటి ఏడాదిదీ కలిపి గీతలు గీసి మరీ. అది చూసినప్పుడల్లా నాకు ఆ గడియ చప్పుడు వినపడుతుంది. పదేళ్ళ పిల్ల నిన్నటి తప్పును ఇవాళ కూడా ఎందుకు మొయ్యాలి? ఏ హక్కుతో మోయిస్తున్నారు? ఈ ప్రశ్న బళ్ళో అడిగాను కూడా. రికార్డు ఉండాలి కదండీ అన్నారు. రికార్డుల సంగతి నాకు చెబుతున్నారు!

నా బీరువాలో ఒక అర నిండా పుస్తకాలున్నాయి. వాటిలో మా ఇంటి పిల్లలు ఎప్పుడు నడిచారో ఉంది, ఎప్పుడు మొదటి పన్ను ఊడిందో ఉంది, ఎవరు ఏ ప్రశ్న అడిగి నన్ను నోరెత్తకుండా చేశారో ఉంది. వాళ్ళు రాసిన తప్పు ఒక్కటి కూడా లేదు. వంటింట్లో పై అరలో, నాన్న పేరు చెక్కిన ఆ కంచం ఉంది. ఇంట్లో ఎవరికి పెద్ద ఏబీసీడీలూ చిన్న ఏబీసీడీలూ నేర్పవలసి వచ్చినా అది కిందికి దిగుతుంది.

ఈ మధ్య మా చెల్లెలి కూతురు దాని ముందు కూర్చుంది. అమ్మకు పెద్ద అక్షరం రాసి, నాలుక కరుచుకుని, నా చేతిలో కలం ఉందేమో అని చూసింది.

"పెద్దమ్మా, ఇది కూడా రాసి పెట్టుకుంటావా?"

నేను కంచం అందుకుని మెల్లగా ఊపాను. బియ్యం సర్దుకున్న చప్పుడు ఆగిందాకా ఉండి అడిగాను.

"ఏది రాయాలే? నాకేం కనపళ్ళేదే."